పెరటి మొక్క వైద్యానికి పనికొస్తుంది! - వసంతంలో ఇంటి తోట

శివరాత్రి వెళ్ళింది. శివశివా అంటూ చలి కూడా వెళ్ళిపోయింది. మామిడి పూత పిందె కట్టింది. వేపచెట్టు ఎర్రని చిగుళ్ళు తొడుగుతోంది. ఇంకొన్నాళ్ళలో ఉగాది. బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్ మగ్గాల వాడలో ఉన్నా, యానాం గోదావరి ఒడ్డున ఉన్నా, ఆ పూట వేపపువ్వు కోసం వెతకని తెలుగు ఇల్లు ఉండదు. పువ్వు దొరికే చెట్టు మాత్రం ఏటేటా దూరమవుతోంది. మా వీధిలో ఒకప్పుడు నాలుగు వేపచెట్లు ఉండేవి. ఇప్పుడు పండగ ముందు రోజు బజారులో గుప్పెడు పువ్వు కొనుక్కుంటున్నాం.

ఈ శీర్షికలో ప్రతివారం ఏదో ఒక జబ్బు గురించి, దాని మందు గురించి చెప్పుకుంటున్నాం. ఈ వారం మందు సీసా పక్కన పెట్టి, మట్టి గురించి మాట్లాడుకుందాం. ఇంటి ముందు నాలుగడుగుల నేల, మేడ మీద కాస్త చోటు, చాలులో కటకటాల బాల్కనీ - ఏది ఉన్నా సరే. వసంతంలో ఒక చిన్న తోట వేసుకోవడం ఎలా? యునానీ వైద్యం దృష్టిలో ఏ మొక్కలు వేసుకోవాలి? ఏవి వేసుకోకూడదు? వేసుకున్న దాన్ని ఎంతవరకు నమ్మాలి? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఎందుకో మధ్యలో చెబుతాను.

యునానీలో వసంతం

యూనాన్ అంటే గ్రీకు దేశం. అక్కడ బుఖ్రాత్ (హిపోక్రటీస్), జాలీనూస్ (గాలెన్) వంటివారు చెప్పిన వైద్యం అరబ్బు, పారశీక హకీముల చేతుల్లో పెరిగి మన దేశానికి వచ్చింది. ఈ వైద్యం ప్రకారం మన శరీరంలో నాలుగు ద్రవాలు ఉంటాయి. దమ్ (రక్తం), బల్గమ్ (కఫం), సఫ్రా (పసుపు పిత్తం), సౌదా (నల్ల పిత్తం). వీటిని అఖ్లాత్ అంటారు. వీటి పాళ్ళను బట్టి ప్రతి మనిషికీ ఒక మిజాజ్, అంటే స్వభావం ఏర్పడుతుంది. వేడి, చలువ, తేమ, పొడి - ఈ నాలుగు గుణాల కలయికే మిజాజ్. మనుషులకే కాదు, ప్రతి మొక్కకూ, ప్రతి ఋతువుకూ మిజాజ్ ఉంటుంది.

అరబ్బీలో వసంతాన్ని రబీ అంటారు. మన రైతులు రబీ పంట అనే మాట రోజూ వాడుతూనే ఉంటారు. వసంతంలో కోతకు వచ్చే పంట కనుక దానికా పేరు. ఈ ఋతువులో శరీరంలో దమ్ పెరుగుతుందనీ, చలికాలంలో పేరుకున్న కఫం కరగడం మొదలవుతుందనీ హకీములు చెబుతారు. వేసవిలో సఫ్రా విజృంభిస్తుంది. అందుచేత వసంతంలోనే ఆహారాన్ని కొద్దికొద్దిగా చలువ వైపు, తేలిక వైపు మళ్ళించాలి. ఫాల్గుణంలో విత్తిన దోసపాదు వైశాఖంలో కాయలిస్తుంది. వేసవికి కావలసిన చలువను వసంతంలోనే నాటుకోవడం అంటే ఇదే!

తోటపని కూడా చికిత్సే

ఆరోగ్యం నిలబడటానికి ఆరు విషయాలు తప్పనిసరి అని యునానీ చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానాలు, శరీర శ్రమ - విశ్రాంతి, మనసు కదలిక - నెమ్మది, నిద్ర - మెలకువ, విసర్జన - నిలుపుదల. ఈ ఆరింటినీ ఒక్కసారి తోటతో పోల్చి చూడండి. తెల్లవారి మంచి గాలి దొరుకుతుంది. తాజా ఆకుకూర దొరుకుతుంది. వంగి లేచే శ్రమ ఉంటుంది. మొలక వచ్చిందా లేదా అని చూసే ఆత్రం మనసును టీవీ ముందు నుంచి లాక్కొస్తుంది. ఒళ్ళు అలిసిన మనిషికి రాత్రి నిద్ర పడుతుంది. ఆకుకూర తిన్నవారికి మలబద్ధకం తగ్గుతుంది. ఆరింటిలో ఏదీ మిగలలేదు!

అయితే శ్రమకు కూడా ఒక కొలత ఉంది. ఒళ్ళు వేడెక్కి, చెమట పట్టడం మొదలవగానే ఆపడం మంచిది. ఆయాసం వచ్చేదాకా గునపం పట్టుకోవద్దు. పని ఉదయం ఎనిమిదింటిలోపు, సాయంత్రం ఐదు తరువాత పెట్టుకోండి. భోజనం చేసిన వెంటనే వద్దు. బీపీ ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు మట్టి కుండీలు ఎత్తే పని పిల్లలకు అప్పగించి, విత్తనం పెట్టే పని తాము ఉంచుకోవాలి. ఎండలో తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా నీడకు వచ్చి నీళ్ళు తాగాలి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అది వడదెబ్బ.

ముందు చోటు చూడండి

మొదటిసారి తోట వేసేవారు విత్తనాల కొట్టుకు ముందు పరిగెడతారు. నేనూ అంతే చేశాను. ఏ మూల ఎండ ఎంతసేపు పడుతుందో చూసుకోకుండా మేడ మీద ముప్పై కుండీలు పెట్టాను. ఏప్రిల్ రెండోవారానికి సగం మాడిపోయాయి. కాబట్టి ఒక రోజంతా గమనించండి. దోస, సొర వంటి పాదులకు ఆరు గంటల ఎండ కావాలి. పుదీనా, కొత్తిమీర, వాము ఆకు పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు చాలంటాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట పాత చీర గానీ, పచ్చ నీడవల గానీ కట్టండి.

మేడ మీద తోట వేసేవారు బరువు మరచిపోవద్దు. తడిసిన మట్టితో ఒక పన్నెండు అంగుళాల కుండీ పాతిక కిలోల దాకా తూగుతుంది. కుండీలన్నీ శ్లాబు నడిమధ్యన కుప్పగా పెట్టకుండా, గోడల మీదుగా, దూలాల మీదుగా అంచుల వెంట పెట్టండి. కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చేస్తే శ్లాబు చెమ్మగిల్లదు. పాత కట్టడమైతే ఇంజనీరునో, అనుభవమున్న మేస్త్రీనో అడిగి పెట్టడం మంచిది. అద్దె ఇంట్లో ఉన్నవారు ఇంటివారితో ముందే ఒక మాట అనుకోండి.

రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు కడిగినా సరే మొక్కలకు వాడవద్దు. అందులో పెరిగింది మన పొట్టలోకే పోతుంది. పాత బకెట్లు, బియ్యం సంచులు, కొబ్బరి పీచు కుండీలు, మట్టి తొట్లు అన్నీ పనికొస్తాయి. అడుగున నాలుగు చిల్లులు ఉండాలి. చిల్లు మీద పెంకు ముక్క బోర్లా వేస్తే నీరు పోతుంది, మట్టి పోదు.

మట్టి తయారీ

నిరుడు వాడిన మట్టి ఉంటే పారెయ్యనక్కరలేదు. గట్టి వేళ్ళు తీసేసి, కాస్త తడిపి, పలుచగా పరచి, పైన పాలిథిన్ కాగితం కప్పి రెండు వారాలు ఎండలో ఉంచండి. ఫాల్గుణపు ఎండకు చాలావరకు పురుగు గుడ్లు, బూజు చస్తాయి. తరువాత దానికి బలం కలపాలి.

కొత్తగా కలుపుకునేవారికి కొలత ఇది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టును ముందు రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండేయండి. అందులో ఉప్పు ఉంటుంది. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్ళు కాలిపోతాయి. మాగిన ఎరువు మట్టి వాసన వేస్తుంది, పేడ వాసన వేయదు. అదే గుర్తు. కలిపిన మట్టిని తడిపి వారం రోజులు నీడలో ఉంచి, అప్పుడు విత్తండి.

మట్టి పని చేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. గోళ్ళ సందున గాయమైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా తోటలో తిరగవద్దు.

ఇప్పుడు ఏవి వేయాలి?

పుదీనా: ఇది వేడి, పొడి స్వభావం కలది. అజీర్తికి, కడుపు ఉబ్బరానికి హకీములు మొదట తలచేది దీన్నే. విత్తనం అక్కరలేదు. బజారు కట్టలో ముదురు కాడలు నాలుగైదు అంగుళాలవి ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. దీన్ని వేరే కుండీలోనే ఉంచండి. నేలలో వదిలితే పక్క మొక్కలను బతకనివ్వదు.

కొత్తిమీర: యునానీలో కిష్నీజ్. చలువ చేస్తుంది. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, ఒక పూట నానబెట్టి చల్లండి. మొలకకు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఎండ ముదిరితే ఆకు రాక పువ్వు వచ్చేస్తుంది. అందుకని నీడలో, కొద్దికొద్దిగా, పది రోజులకొకసారి చల్లుకోవాలి.

మెంతి: హుల్బా అంటారు. వేడి స్వభావం. వంటింటి డబ్బాలోని మెంతులే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి. మూడు వారాలు దాటగానే కోసుకోవచ్చు. పిల్లలకు తోట మీద ఆశ పుట్టించాలంటే మొదట మెంతులే చల్లించండి.

గంగవాయలి: గంగపాయ, పావలి కూర అని కూడా అంటారు. కన్నడంలో గోణి సొప్పు, తమిళంలో పరుప్పు కీరై, మరాఠీలో ఘోళ్. యునానీలో ఖుర్ఫా. చలువ, తేమ గుణాలు కలది కాబట్టి సఫ్రా చెలరేగే వేసవికి తగిన కూర. కాడ ముక్క గుచ్చినా బతుకుతుంది. నెల రోజుల్లో పప్పులోకి వస్తుంది. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చే తత్వం ఉన్నవారు మాత్రం దీన్ని తగ్గించాలి. ఆక్సలేట్లు ఎక్కువ.

దోస, కీర: వీటి గింజలను ఖియారైన్ అంటారు. మూత్రం సాఫీగా రావడానికి హకీములు వాడతారు. పదిహేను అంగుళాల సంచికి రెండు విత్తనాలు, ఒక అంగుళం లోతులో పెట్టండి. పురికొస పందిరి కడితే చాలు. ఏడు వారాలలో కాయ చేతికి వస్తుంది.

సొర: చలువ, తేమ. వేసవికి పథ్యపు కూర. దీనికి పద్దెనిమిది అంగుళాల సంచి, బలమైన పందిరి కావాలి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మేడల మీదికి ఆ వేళ తుమ్మెదలు, రెక్కల పురుగులు అంతగా రావు. మగపువ్వు కోసి, పిందె ఉన్న ఆడపువ్వుకు మీరే తాకించాలి. సొర గురించి ఇంకా చెప్పవలసింది ఉంది.

సబ్జా: భూతులసి, రుద్రజడ. కన్నడంలో కామకస్తూరి, తమిళంలో తిరునీట్రుపచ్చిలై. గింజలు నానబెట్టి షర్బత్తులో వేసుకుంటాం. విత్తనం పైన పలుచగా మట్టి చల్లితే చాలు. గింజలను పూర్తిగా నాననిచ్చాకే తాగాలి. పొడి గింజలు మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడతాయి. పిల్లల విషయంలో జాగ్రత్త.

వాము ఆకు: కన్నడంలో దొడ్డపత్రె, తమిళంలో కర్పూరవల్లి. వాసన వాము లాగే ఉంటుంది గానీ, వాము గింజలిచ్చే మొక్క ఇది కాదు. హకీము చీటీలో అజ్వాయిన్ అని రాస్తే అది వాము గింజ. ఈ ఆకు కాదు. కొమ్మ గుచ్చితే ఏ బాల్కనీలోనైనా బతుకుతుంది. బజ్జీలకు, జలుబు చేసినప్పుడు కషాయానికి పనికొస్తుంది.

కలబంద: ఘీక్వార్. పిలకతో వస్తుంది. నీరు పోసి చంపకుండా ఉంటే చాలు. ఆకు కోయగానే కారే పసుపు జిగురే ఎండితే ముసాంబరం. అది తీవ్రమైన విరేచనకారి. గర్భిణులు దాని జోలికి పోకూడదు. కలబంద గుజ్జు పైపూతకే ఉంచుకోండి.

ఇప్పుడు వేయకూడనివి

కాస్నీ, సోపు, ఇసబ్‌గోలు వంటివి యునానీలో పేరున్నవే. కానీ అవి చలికాలపు పంటలు. ఇప్పుడు వేస్తే ఎండకు పోతాయి. వాటి విత్తనం దాచి కార్తీకంలో చల్లండి. కొత్త గులాబీ అంట్లు కూడా వానలు పడ్డాకే నాటడం మేలు. ఇప్పటికే ఉన్న గులాబీకి మాత్రం ఇది పూల కాలం.

చిన్న పిల్లలున్న ఇళ్ళలో పచ్చగన్నేరు, ఉమ్మెత్త పెంచవద్దు. పాత గ్రంథాలలో వీటి పేర్లు ఉన్నాయి కదా అనకండి. శుద్ధి, మోతాదు తెలిసిన వైద్యుడి చేతిలోనే అవి మందు. పెరట్లో అవి విషం.

మా ఇంటి సొరకాయ కథ

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. చేతికందే దానికి విలువ ఇవ్వరని దాని భావం. నేను ఈ సామెతను తప్పని నిరూపించాలని తోట వేసినవాణ్ణి. అయితే ఆ సామెతకు ఇంకో సగం ఉండాలని నాకు నేర్పింది మా మామగారి అనుభవం.

కొన్నేళ్ళ క్రితం మా మేడ మీద కూరగాయల చెత్త మాగబెట్టిన తొట్టిలోంచి ఒక సొరపాదు తనంత తానే లేచింది. నీళ్ళు సరిగ్గా అందకపోయినా ఏప్రిల్‌లో నాలుగు కాయలు కాసింది. సొరకాయ వేసవికి చలువ అని నేనే ఇంట్లో పదిసార్లు చెప్పి ఉన్నాను. మామగారికి షుగరు. ఒక ఉదయం నేను లేవకముందే లేత కాయ కోసి, రసం తీసి గ్లాసుడు తాగారు. చేదుగా ఉందట. "చేదైతే షుగరుకు ఇంకా మంచిదే కదా!" అనుకున్నారట. అరగంటలో వాంతులు పట్టుకున్నాయి. తరువాత విరేచనాలలో రక్తం. మేము ఆసుపత్రికి చేర్చేసరికి బీపీ పడిపోయింది. మూడు రోజులు సెలైన్ల మీద ఉండి, దైవానుగ్రహం వల్ల తిరిగి వచ్చారు. ఇంట్లో వైద్యుణ్ణి నేనే. మందు కాయ అని చెప్పినవాణ్ణీ నేనే. చేదు కాయ తినకూడదని మాత్రం చెప్పలేదు.

సొర, దోస, బీర, కీర ఒకే కుటుంబపు పాదులు. వీటిలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మనం సాగు చేసే రకాల్లో ఇవి చాలా తక్కువ. కానీ అడవి రకంతో కలిసిన విత్తనం మొలిచినా, మొక్క ఎండకు, నీటి ఎద్దడికి గురైనా ఇవి పెరిగిపోతాయి. ఉడికించినా పోవు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరరసం తాగి మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ దీన్ని పరిశీలించింది. చేదు సొరరసం తాగరాదని, తాగాక వాంతులు, కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలని హెచ్చరించింది. దీనికి విరుగుడు మందు లేదు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడొక నియమం. ప్రతి సొరకాయ, ప్రతి దోసకాయ తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుకకు తాకించి చూస్తాం. చేదుగా ఉంటే ఉమ్మేసి, నోరు కడుక్కుని, కాయ పారేస్తాం. ఆ పాదు పీకేస్తాం. తనంతట తాను మొలిచిన పాదు కాయ తినం. కాకరకాయ చేదు వేరు, సొరకాయ చేదు వేరు. కాకరకు చేదు సహజం, సొరకు చేదు ప్రమాదం. షుగరు ఉన్నవారి ఇళ్ళలో ఈ మాట పెద్దవాళ్ళకు గట్టిగా చెప్పండి.

పేర్లతో వచ్చే చిక్కు

మన పెద్దలు ఊరు విడిచి వచ్చేటప్పుడు మొక్కల పేర్లు కూడా మూటగట్టుకు వచ్చారు. మన పిల్లలకు ఇప్పుడు ఆ పేర్లు తెలియవు. నర్సరీవారికి తెలుగు పేరు తెలియదు. ఈ సందులోనే పొరపాట్లు జరుగుతాయి. అడ్డసరాన్నే కన్నడంలో ఆడుసోగె, తమిళంలో ఆడాతొడై, మరాఠీలో అడుళసా, ఒడియాలో బాసంగ అంటారు. తిప్పతీగ కన్నడంలో అమృతబళ్ళి, తమిళంలో సీందిల్, మరాఠీలో గుళవేల్, ఒడియాలో గుళుచి, ఉర్దూలో గిలో.

తిప్పతీగ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కరోనా రోజుల్లో దీన్ని తాగని ఇల్లు లేదు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో ఏకీభవించలేదు. తిప్పతీగలాగే కనిపించే మరో తీగను పొరపాటున వాడి ఉండవచ్చని అన్నది. ఎవరి మాట ఎలా ఉన్నా మనకు పాఠం ఒక్కటే. అసలు తిప్పతీగ కాడ పచ్చగా ఉంటుంది, ఒంటి మీద బొడిపెలు ఉండవు, కోస్తే పాలు కారవు. బొడిపెలు ఉండి, పాలలాంటి ద్రవం కారితే అది వేరే తీగ. అసలుదే అయినా కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ ఇతర మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా నెలల తరబడి తాగకూడదు.

మొక్క ఏదో తేలకపోతే అది తినవద్దు. బెంగళూరు మాగడి రోడ్డులో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. చెన్నై రాయపురంలో, ముంబైలో, ఒడిశాలోని భద్రక్‌లో కేంద్ర యునానీ పరిశోధన మండలివారి ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. దగ్గరగా ఉన్నవారు అక్కడి వైద్యులను కలిసి అడగవచ్చు.

నీళ్ళు, దోమలు

2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, బండ్లు కడగడానికి వాడితే 5000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. పక్కింట్లో బిందె నీళ్ళకు కటకటగా ఉంటే మనం కుళాయి నీళ్ళతో తోట తడపడం ధర్మం కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు దాచండి. నలుగురున్న ఇంట్లో ఈ నీళ్ళే పది కుండీలకు చాలావరకు సరిపోతాయి. వాటర్ ఫిల్టరు వదిలే నీళ్ళలో లవణాలు ఎక్కువ. రోజూ అవే పోయకుండా, మంచినీళ్ళతో మార్చి మార్చి పోయండి. సబ్బు నీళ్ళు ఆకుకూరలకు వద్దు.

వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు అక్కరలేదు. మట్టి పైన ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. వారానికొకసారి అన్నీ బోర్లించి రుద్ది కడగండి. డెంగ్యూ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. ఆరోగ్యం కోసం తోట వేసి జ్వరం తెచ్చుకోకూడదు కదా!

పెరటి నుంచి వంటింటికి

పుదీనా సికంజబీన్: ఒక కప్పు పంచదార, అరకప్పు నీళ్ళు స్టీలు గిన్నెలో మరిగించి, పావుకప్పు సిర్కా (వెనిగర్) పోసి సన్నసెగ మీద పాకం కాస్త చిక్కబడనివ్వండి. దించి, గుప్పెడు పుదీనా ఆకులు వేసి మూత పెట్టండి. చల్లారాక వడకట్టి సీసాలో పోయండి. రెండు చెంచాలు గ్లాసుడు చల్లని నీళ్ళలో కలుపుకుంటే ఎండలోంచి వచ్చినవారికి హాయిగా ఉంటుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వాడవద్దు. కడుపులో పుండు ఉన్నవారికీ, షుగరు ఉన్నవారికీ ఇది పనికిరాదు.

గుల్‌కంద్: మీ ఇంట్లో పూసిన, మందు కొట్టని నాటు గులాబీ రేకులు 100 గ్రాములు, పటికబెల్లం పొడి 200 గ్రాములు. కడిగి, తడి పూర్తిగా ఆరిన రేకులను గాజు సీసాలో వరుసలుగా వేసి, మూత పెట్టి మూడు నాలుగు వారాలు ఎండలో ఉంచండి. రోజూ పొడి చెంచాతో తిప్పండి. రాత్రి ఒక చెంచా తింటే విరేచనం సాఫీగా అవుతుంది. పూలకొట్టు గులాబీలతో మాత్రం చేయవద్దు. వాటి మీద పురుగుమందు ఉంటుంది.

గంగవాయలి పప్పు: దీనికి నా చీటీ అక్కరలేదు. మీ అమ్మగారిని అడగండి.

తప్పక గుర్తుంచుకోండి

కూరగా తినడం వేరు, మందుగా తాగడం వేరు. కూర మోతాదులో ఆకు మనకు ఆహారం. రసం తీసి, పొడి చేసి రోజూ తీసుకుంటే అది మందే. మందుకు మోతాదు, గడువు, వైద్యుడు ఉండాలి. గర్భిణులు అడ్డసరం, కలబంద లోపలికి తీసుకోకూడదు. మెంతులు కూడా వంట మోతాదు దాటకూడదు. షుగరు మాత్రలు వేసుకునేవారు మెంతులు ఎక్కువగా తీసుకుంటే షుగరు మరీ పడిపోవచ్చు. తోట వేశామని మాత్రలు మానేయవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆకుకూరల మోతాదు ఒక్కసారిగా మార్చవద్దు.

మొదటి ఏడు ఐదు కుండీలతో మొదలుపెట్టండి. ఒక పుదీనా, ఒక మెంతి, ఒక గంగవాయలి, ఒక వాము ఆకు, ఒక దోస. ప్రతి కుండీకి ఒక చీటీ కట్టి, మొక్క పేరు తెలుగులోనూ, మీరున్న రాష్ట్రపు భాషలోనూ మీ పిల్లలతో రాయించండి. నీళ్ళు పోసే పని కూడా వాళ్ళకే ఇవ్వండి. రెండు నెలలకు దోసకాయ కోసేటప్పుడు ముందు తొడిమ ముక్క రుచి చూడటం వాళ్ళకు నేర్పండి.

మా మామగారు ఇప్పుడు కూడా రోజూ మేడ ఎక్కుతారు. కొత్త పాదు ఏది లేచినా "ఇది నువ్వు నాటినదేనా, తనంత తాను వచ్చిందా?" అని అడిగి గానీ కాయ ముట్టరు. పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుంది. దాన్ని తెలిసినవారి చేతిలో ఉంటేనే సుమా!